పడవవాడు లేని కథ

"అబద్ధం!"

అరిచింది కోట గోడ మీద నిలబడ్డ అమ్మాయి. కింద, కందకం పక్కన, ఓడ దిగిన టూరిస్టుల మధ్య చేతులు తిప్పుతూ కథ చెబుతున్న అబ్బాయికి వినపడింది. విననట్టు నటించాడు. ఏప్రిల్ నెల. డాన్యూబు మీద సన్నగా వాన పడుతోంది.

"అబద్ధం అంటున్నానా! ఆ కథలో పడవవాడు లేడు!"

ఈసారి టూరిస్టులందరూ తలలెత్తారు. ఇక నటించడం కుదరలేదు.

"ఎవరండీ మీరు?"

"ఈ కోట గైడుని. పరీక్ష రాసి వచ్చినదాన్ని. తమరు?"

"నేనూ గైడునే. ఓడవాళ్ళు పిలిస్తే వచ్చినవాణ్ణి. వానలో ఎందుకండీ, కిందికి రండి."

ఆమె దిగింది. గొడుగు లేదు. కోపం ఉంది, అది చాలనుకున్నట్టుంది. అతని ఎదుటికొచ్చి, బడిలో పంతులమ్మలా వేళ్ళు మడిచింది.

"రాజుకి ముగ్గురు కూతుళ్ళు. విదా, కులా, గామ్జా. కులా, గామ్జా తొందరపడి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మొగుళ్ళు తాగి, తందనాలాడి ఆస్తి ఊదేశారు. విదా పెళ్ళి చేసుకోలేదు. ఈ కోట కట్టింది. ఊరిని కాపాడింది. మా తాతలు చెప్పింది అంతే. మధ్యలో ఈ పడవవాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

"పెళ్ళి ఎందుకు చేసుకోలేదో చెప్పాలి కదండీ. నది ఒడ్డున ఒకడు రోజూ ఎదురుచూస్తుంటే, ఆవిడ పైనుంచి రోజూ వాణ్ణి చూస్తుంటే..."

"వాడు ఎప్పుడు పుట్టాడు?"

"ఇవాళ పొద్దున. వానలో నిలబడితే గుర్తొచ్చాడు."

టూరిస్టుల్లో ఒక ముసలామె చప్పట్లు కొట్టింది. వాళ్ళ మాటలు ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాటకమనుకుంది.

"పేరేమిటి?" అని గద్దించింది అమ్మాయి, పై అధికారికి చెప్పడానికి.

"నికోలా. అందరూ కోల్యో అంటారు. మీదీ?"

"నికోలీనా."

అతను పెద్దగా నవ్వాడు.

"ఏం? పేరు కూడా అబద్ధమంటారా?"

"కాదండీ. ఇద్దరిదీ నికోలా సాధువు పేరే. అంటే మనిద్దరి పేరుపండగ ఒకే రోజు."

"అయితే?"

"ఏం లేదు."

ఏం ఉందో ఆ ఏడాది డిసెంబరులో తెలిసింది.

* * *

విదిన్, డాన్యూబు ఒడ్డున చిన్న ఊరు. అటు ఒడ్డు రుమేనియా. ఓడ ఆగినప్పుడు దిగేవాళ్ళను రెండు గుంపులు చేసి ఇద్దరు గైడులకు పంచుతారు. ఆ వేసవంతా ఆ ఇద్దరూ వీళ్ళే. ఒకరి మొహం ఒకరికి తప్పలేదు.

కోల్యో తన గుంపును ఓడరేవు నుంచి నది వెంట, పార్కులోంచి కోటకు నడిపించేవాడు. ఈ ఊరికి అన్నీ నది మీదే వచ్చాయనేవాడు. రోమన్లు వచ్చారు, వరద వచ్చింది, ఉప్పు వచ్చింది, నువ్వు తాగే కాఫీ వచ్చింది. నదిని వదిలి నడవడమేమిటి?

నికోలీనా తన గుంపును ముందు ఊళ్ళోకి తీసుకెళ్ళి, స్తంబోల్ కపియా అనే పాత కోటగుమ్మంలోంచి లోపలికి తెచ్చేది. ఊళ్ళోకి వచ్చే మనిషి గుమ్మంలోంచి రావాలి. పెరటి గోడ దూకి వచ్చేవాణ్ణి ఏమంటారు?

రెండు దార్లూ కోట దగ్గరే కలుస్తాయి. అక్కడ రోజూ పోట్లాటే.

రెండు దార్ల మధ్యలో, పజ్వంతోగ్లు అనే పాతకాలపు పాలకుడు కట్టించిన మసీదు ఉంది. దాని కొన మీద నెలవంక లేదు. తలకిందులైన హృదయం లాంటిది ఒకటి ఉంది. కోల్యో అది ప్రేమ గుర్తు అనేవాడు. నికోలీనా అది ఈటె మొన అనేది.

"సుల్తానుకే ఎదురుతిరిగినవాడయ్యా! వాడికి హృదయమెందుకు?"

"ఎదురుతిరిగినవాళ్ళకే కావాలి. మిగతావాళ్ళకి పొట్ట చాలు."

"రుజువు?"

"తలెత్తి చూడు. ఈటె అయితే గుచ్చుకోవాలి. నీకు గుచ్చుకుందా?"

"నువ్వు గుచ్చుకుంటున్నావ్. పొద్దుటి నుంచీ."

జూన్‌లో ఒక సాయంత్రం గాలివాన పట్టుకుంది. ఇద్దరూ పరుగెత్తి గుమ్మం కమాను కింద చేరారు. టూరిస్టులు అప్పటికే ఓడెక్కారు. ఇక వాదించడానికి సాక్షులు లేరు. అతని గొడుగు గాలికి తిరగబడి, కర్ర మీద గుడ్డపీలికలా వేలాడుతోంది. ఆమె దాన్ని చూసి నవ్వింది. అతను ఆమె నవ్వుని చూస్తూ ఉండిపోయాడు.

"ఏమిటలా చూస్తావ్?"

"నీకు బుగ్గన సొట్ట పడుతుందని తెలీదు. రెండు నెలల నుంచీ పోట్లాడుతున్నా, ఒక్కసారీ కనపడలేదు."

"చూశావుగా. ఇక వాన తగ్గింది, పద."

వాన తగ్గలేదు. ఇద్దరూ తడిసే వెళ్ళారు. ఆ రాత్రి నికోలీనా అద్దం ముందు నిలబడి తనలో తనే నవ్వి చూసుకుంది. సొట్ట పడింది. ఇన్నేళ్ళ నుంచీ ఉన్న సొట్టే. వాడొచ్చి చెబితే గాని తెలియలేదని తన మీద తనకే చిరాకేసింది.

* * *

ఇక డిసెంబరు.

నికోలా సాధువు పండగ నాడు ఆ పేరున్న ఇంటికి ఎవరినీ పిలవరు. పిలవడం తప్పు. కావాల్సినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఇంటివాళ్ళు పెద్ద బంగారుతీగ చేప కడుపులో అన్నం, అక్రోటు గింజలు కూరి, పిండిలో చుట్టి కాల్చి, బల్ల మీద పెట్టి కూర్చుంటారు. పొద్దున వేసిన బల్ల పొద్దుపోయేదాకా తీయరు. ఎవరి పేరున పండగో ఆ మనిషి గుమ్మం దాటకూడదు. వచ్చినవాళ్ళు 'నీ పేరు చల్లగా ఉండాలి' అనాలి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఏడాదంతా గుర్తుంటుంది. ఈ ఊళ్ళో ప్రేమలూ పగలూ తేలేది ఆ బల్ల దగ్గరే.

నికోలీనా పొద్దుటి నుంచీ తలుపు చూసింది. ఎవరెవరో వచ్చారు. వాడు రాలేదు.

మర్నాడు కోటగుమ్మం దగ్గర ఎదురుపడ్డారు. ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

"రాలేదేం?" అంది ఆమె.

"నువ్వు రాలేదేం?" అన్నాడు అతను.

"నాది కూడా పేరుపండగే కదా! ఇల్లు వదిలి ఎలా వస్తాను?"

"నాదీ అదే కదా! నేనెలా వస్తాను?"

అక్కడ ఇద్దరూ నవ్వి ఉంటే కథ అయిపోయేది. నవ్వలేదు.

"కావాలనుకుంటే వచ్చేవాడివి."

"నీకు కావాలని లేదని నాకూ అర్థమైంది."

"సరే అయితే."

"సరే."

ఆ 'సరే' మార్చిదాకా నడిచింది. తర్వాత ఓడలొచ్చాయి, పోట్లాటలూ తిరిగొచ్చాయి. కానీ వాటిలో పాత రుచి లేదు. పోట్లాడటానికి కూడా కాస్త నమ్మకం ఉండాలి.

* * *

రెండో ఏడాది నవంబరులో చివరి ఓడ వచ్చింది. దాని మేనేజరు గెర్డా, నోటికి తాళం లేని జర్మన్ మనిషి. నికోలీనాను పక్కకు పిలిచింది.

"మీరు మా ఓడ మీద గైడుగా రండి. నది మొదటి నుంచి చివరిదాకా మీరే చెప్పాలి. మా సెలవుల లోపు, డిసెంబరు ఆరో తారీఖుకి, మాట ఇవ్వండి."

ఆరో తారీఖంటే పండగ రోజు.

మంచి ఉద్యోగం. ఊరి కుర్రకారు సగం మంది ఎప్పుడో పడమటి దేశాలకి వెళ్ళిపోయారు. ఎవరూ తప్పు పట్టరు. ఒక్కటే చిక్కు. నికోలీనా తండ్రి స్పాస్, అటు ఒడ్డున ఉన్న కలఫాత్‌కి ఫెర్రీ నడిపిన కెప్టెన్. వంతెన కట్టాక ఫెర్రీ పోయింది గానీ, ఆయన టోపీ తీయలేదు. అంతటి కెప్టెన్ కూతురికి నీళ్ళ మీద పది నిమిషాలుంటే కడుపులో తిప్పుతుంది. చిన్నప్పుడు ఫెర్రీ ఎక్కిన ప్రతిసారీ ఆయన టోపీలోనే కక్కింది. ఇది ఇంటి గుట్టు.

ఆ సంగతి పక్కనపెట్టి ఆమె కోల్యో దగ్గరకు వెళ్ళింది. వాడు ఏమంటాడో చూడాలని. వద్దంటాడని. కనీసం మొహమైనా మాడుస్తాడని.

వాడు రేవు దగ్గర తాడు చుడుతున్నాడు. విన్నాడు. తాడు చుడుతూనే ఉన్నాడు.

"మంచి ఓడ. వెళ్ళు."

"అంతేనా?"

"జీతం బాగుంటుంది. ఊళ్ళు చూస్తావ్. నాలాంటివాడి అబద్ధాలు వినక్కర్లేదు."

"ఓడ విదిన్‌లో ఆగితే మూడు గంటలు దిగుతాను. అప్పుడు ఈ ఊరు నాకు నువ్వు చూపిస్తావా?"

"నది దారిన చూపిస్తా."

"నీ నదిలో పడి చావు!"

ఆమె విసవిసా నడిచి వచ్చేసింది. వాంతులతో పేగులు బయటికొచ్చినా సరే, ఆ ఓడెక్కి తీరాలనుకుంది. తర్వాత మంచం మీద బోర్లా పడుకుని ఇంకో మాట అనుకుంది. పండగ నాడు వాడు గుమ్మంలోకి వస్తే ఉంటాను. రాకపోతే పోతాను. ఈ పందెం ఆమె ఎవరికీ చెప్పలేదు. వాడికి అసలే చెప్పలేదు.

* * *

పండగ నాడు పొగమంచు. నది ఎక్కడుందో, ఒడ్డు ఎక్కడుందో తెలియడం లేదు.

స్పాస్ తెల్లారకుండానే చేప శుభ్రం చేశాడు. ఒక్క పొలుసు నేల మీద పడకుండా, ఎవరైనా తొక్కితే అరిష్టమని, పాత గుడ్డలో మూటకట్టాడు. భార్య పోయాక ఈ పని ఆయనే చేస్తున్నాడు. ఆమె చేసినంత బాగా రాదు. ఎవరైనా ఆ మాటంటే ఆ ముక్క వాళ్ళ పళ్ళెంలోంచి తీసేస్తాడు.

చర్చి వదిలాక ఫెర్రీలో పనిచేసిన ముసలాళ్ళు వచ్చారు. 'నీ పేరు చల్లగా ఉండాలి తల్లీ' అన్నారు. రకియా సారా తాగారు, చేప తిన్నారు, వంతెనను తిట్టారు. నికోలీనా పళ్ళేలు అందిస్తూ తలుపు వైపు చూస్తోంది.

"తలుపు ఎక్కడికీ పోదులే," అన్నాడు స్పాస్. "అలా చూస్తే అరిగిపోతుంది."

"నేనేం చూడటం లేదు."

"అయితే చేపకెందుకు చక్కెర చల్లుతున్నావ్?"

ఆమె చేతిలో చూసుకుంది. చక్కెర డబ్బానే. ముసలాళ్ళు గొల్లుమన్నారు.

మధ్యాహ్నమైంది. వాడు రాలేదు. ఆమె చక్కెర డబ్బా ఠపీమని బల్ల మీద పెట్టింది. వాడు అక్కడ మడికట్టుకు కూర్చుని ఉంటాడు. నేనిక్కడ. ఇద్దరి చేపలూ చల్లారిపోతున్నాయి. ఏ సాధువు చెప్పాడయ్యా ఇలా చావమని? ఆయనైతే మునిగిపోయేవాళ్ళ కోసం పడవేసుకు తిరిగాడంటారు. ఇంట్లో కూర్చోలేదు కదా!

కోటు తీసింది.

"ఎక్కడికి?" అన్నాడు స్పాస్.

"బ్రెడ్డుకి."

"బ్రెడ్డు ఇంటినిండా ఉంది. పేరుపండగ మనిషి గుమ్మం దాటకూడదు."

"నాన్నా, పేరు నాది. ఎక్కడికి తీసుకెళ్ళాలో నేను చూసుకుంటాను."

ఆమె తలుపు వేసే వరకూ ఆగి, స్పాస్ ముసలాళ్ళతో అన్నాడు. "అచ్చం వాళ్ళమ్మే."

* * *

కోల్యో ఇల్లు కోట పక్కన. నికోలీనా తన దారినే, కోటగుమ్మం లోంచే వెళ్ళింది. మంచులో కమాను సగమే కనిపించింది. వాడి గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, అనాల్సిన మాటలు వరసలో పెట్టుకుంది. మొదటిది 'దద్దమ్మా'.

తలుపు తీసింది వాడి తల్లి రాద్కా. పొట్టి మనిషి, ఒంటినిండా పిండి.

"నీ పేరు చల్లగా ఉండాలి తల్లీ! రా రా! వాడేడీ?"

"వాడేడని నన్నడుగుతారేంటి పిన్నీ?"

"మీ ఇంటికే కదా వచ్చాడు! ఇప్పుడే, నది దారిన. పొద్దుటి నుంచీ పంజరంలో పిల్లిలా తిరిగాడు. 'అమ్మా, పేరు నాది, నా ఇష్టం' అని పోయాడు. చేప కూడా సగం కోసి పట్టుకుపోయాడు, చూడు."

బల్ల మీద తల, తోక మాత్రమే ఉన్నాయి. మధ్య ముక్క లేదు.

నికోలీనాకు ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియలేదు. రెండిటికీ బదులు ఒళ్ళు మండింది.

"నేను వెళ్తాను పిన్నీ."

"తినకుండా ఎవరు పంపిస్తారు? కూర్చో."

పేరుపండగ ఇంట్లో తినకుండా లేవడం ఆ ఇంటిని కొట్టినట్టే. రాద్కా తల ముక్క పెట్టింది. గామ్జా అనే ఇక్కడి ద్రాక్షసారా పోసింది. పక్కనే కూర్చుని ప్రతి ముద్దా లెక్కపెట్టింది. ఫోను మోగింది. కోల్యో.

"ఎక్కడున్నావ్?"

"మీ ఇంట్లో. మీ చేప తల తింటున్నా. నువ్వు?"

"మీ ఇంట్లో. మీ నాన్నగారి ఎదురుగా. చేప తియ్యగా ఉందంటే ముక్క తీసేశారు."

"ఇవాళే రావాలా నువ్వు!"

"నిరుడు రాలేదని చంపావ్. వస్తే ఇదా!"

"నేను వస్తానని తెలీదా నీకు?"

"ఎలా తెలుస్తుంది? నిరుడు రాలేదుగా!"

"సరే, నువ్వు అక్కడే ఉండు. నేను వస్తా."

"నువ్వు అక్కడే ఉండు. నేను వస్తా."

"నేను ముందన్నా!"

"ఫోను చేసింది నేను!"

ఆమె ఫోను పెట్టేసింది. రాద్కా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఇలాగే మాట్లాడుకుంటారా ఎప్పుడూ?"

"లేదు పిన్నీ. ఇవాళ పండగ కదా, మర్యాదగా మాట్లాడుకున్నాం."

తిన్నాక లేచింది. వాడు వచ్చేదాకా కూర్చోవచ్చు. కానీ వాడు కూర్చోమన్నాడు కనక కూర్చోదు. వాడు కచ్చితంగా తన నది దారినే వస్తాడు, ఇంకో దారి వాడికి తెలియదు. అయితే ఆ దారిలోనే ఎదురెళ్ళి, మధ్యలో పట్టుకుని, మంచులో నిలబెట్టి కడిగేస్తుంది. గైడయ్యాక మొదటిసారి ఆమె పార్కు వైపు తిరిగింది.

* * *

నది కనపడటం లేదు. వినపడుతోంది. మంచులో చెట్లు ఒక్కొక్కటిగా దగ్గరకొచ్చి వెనక్కి పోతున్నాయి. వాడు చెప్పినవన్నీ ఇక్కడే ఉన్నాయి. వరద నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చూపించే గోడ, ఎవరూ కూర్చోని బెంచీలు, అటు ఒడ్డున రుమేనియా కుక్కల అరుపు. బాగుంది. ఆ సంగతి వాడికి ఎప్పటికీ చెప్పకూడదనుకుంది.

రేవు దగ్గర ఫోను మోగింది. గెర్డా.

"నికోలీనా గారూ, మీ నిర్ణయం?"

పాత ఫెర్రీ దిమ్మ పక్కన నిలబడింది. ఇక్కడే తండ్రి టోపీలో కక్కింది. పందెం గుర్తొచ్చింది. వాడు గుమ్మంలోకి వచ్చాడు. తను ఆ గుమ్మంలో లేదు. ఇది గెలుపా, ఓటమా? వాడు 'ఉండు' అని ఇప్పటికీ అనలేదు. రేపు కూడా అనకపోవచ్చు. తాడు చుడుతూనే ఉంటాడు.

అయినా ఈ మంచులో, ఈ ఒడ్డున, ఎవరూ అడక్కుండానే, తనకేం కావాలో తనకు తెలిసిపోయింది. పందెం పనికిమాలినది.

"రాలేనండీ."

"కారణం?"

"నాకు ఓడ పడదు. కడుపులో తిప్పుతుంది."

"మీరు కెప్టెన్ కూతురు కదా!"

"అదేనండీ మా ఇంట్లో గొడవ."

గెర్డా నవ్వింది. పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేసింది. నికోలీనా దారి పొడుగునా మంచులోకి చూస్తూ నడిచింది. వాడు ఎదురు రాలేదు.

ఇంటికొచ్చి తలుపు తోసింది.

"వాడేడీ?"

స్పాస్ టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. ఆ టోపీ బల్ల మీద పడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నీ కోసం వెళ్ళాడు! కోటగుమ్మం దారిన! 'ఆవిడ ఎప్పుడూ అటే వస్తుంది కెప్టెన్‌గారూ, నా దారిలో చచ్చినా రాదు, నేనే అటు వెళ్తా' అని! నువ్వెటు నుంచి వచ్చావ్?"

ఆమె తన బూట్లకు అంటిన ఒడ్డు బురద చూసుకుంది.

"నది దారిన వచ్చావా?"

ఆమె తలూపింది.

"ఓరి దేవుడా! జన్మంతా ఈ నది మీద అటూ ఇటూ తిరిగాను. ఒక్కసారీ ఒడ్డు తప్పలేదు. నా కూతురు ఈ పిడికెడు ఊళ్ళో ఒక కుర్రాణ్ణి పట్టుకోలేదు!"

ముసలాళ్ళలో ఒకడు రకియా పైకెత్తాడు. "ఫెర్రీ ఉంటే ఇలా అయ్యేదా?"

"నోర్ముయ్యి," అన్నాడు స్పాస్. "నీకూ వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు. ఒరేయ్, మీరు బల్ల దగ్గర కూర్చోండి. మీరుండగా బల్ల ఖాళీ అవదు." చేప పళ్ళెం మీద గుడ్డ కప్పి చేతిలోకి తీసుకున్నాడు. "ఫోను చెయ్యి వాడికి. కదలొద్దని కాదు. ఎక్కడికి కదలాలో చెప్పు."

ఆమె ఫోను తీసింది. వాడు మొదటి మోతకే ఎత్తాడు.

"నువ్వు నది దారిన వెళ్ళావట!" వాడి గొంతులో నమ్మలేనితనం. "నువ్వు!"

"నోరు మూసుకుని విను. నీ దారీ వద్దు, నా దారీ వద్దు. మసీదు దగ్గరికి రా. అక్కడికి వచ్చాక కదిలావో, కాళ్ళు విరుస్తాను."

* * *

మంచులో ముందు కనపడింది మసీదు గోడ. తర్వాత ఒక గొడుగు. వాన లేకపోయినా గొడుగు. పక్కన పొట్టిగా రాద్కా, చేతిలో మిగిలిన చేప మూట. గొడుగు కింద కోల్యో. ముక్కు ఎర్రబడింది. ఊళ్ళో అందరికంటే ఎక్కువ నడిచినవాడిలా ఉన్నాడు.

"దద్దమ్మా," అంది నికోలీనా. పొద్దుటి నుంచీ దాచుకున్న మాట.

"నీ పేరు చల్లగా ఉండాలి," అన్నాడు.

ఆమె అనాల్సిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ పోయాయి.

"నీది కూడా," అంది.

స్పాస్, రాద్కా బెంచీ వైపు వెళ్ళారు. వెళ్ళినట్టు నటించి, చెవులు ఇక్కడే ఉంచారు.

"ఓడవాళ్ళకి మాట ఇచ్చావా?" అన్నాడు కోల్యో.

"నీకెందుకు? వెళ్ళమన్నావుగా."

"అన్నాను. వద్దనడానికి నేనెవర్ని అనుకున్నాను. ఉండమంటే, నీకు నచ్చిన పని నా వల్ల పోయిందని జీవితాంతం దెప్పుతావ్."

"దెప్పనా మరి!"

"దెప్పు. ఇక్కడే ఉండి దెప్పు." గొడుగు మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఏం చేయాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు. "వెళ్ళకు నికోలీనా. నువ్వు లేకపోతే నా అబద్ధాలు అబద్ధాలని చెప్పేవాళ్ళు ఉండరు. నేనే నిజమనుకుంటాను. నాకు భయంగా ఉంది. నిన్ను పెళ్ళి చేసుకుంటాను. నీకిష్టమైతేనే."

ఆమె అతని చంకలోంచి గొడుగు లాగి, తీరిగ్గా మూసి కట్టింది. రెండేళ్ళు ఆగినవాడు ఇంకో నిమిషం ఆగితే ఏం పోదని.

"వెళ్ళనని చెప్పేశాను. మధ్యాహ్నమే."

"నా కోసమా?"

"నా కోసం. ఓడెక్కితే నాకు వాంతులు."

కోల్యో తలెత్తి నవ్వాడు. ఆ నవ్వుకి మసీదు కొన మీది పావురాలు లేచాయి. మంచు కొంచెం పలచబడి, కొన మీది ఆకారం నల్లగా కనిపించింది.

"హృదయం," అన్నాడు వాడు.

"ఈటె మొన."

"అవునంటావా, కాదంటావా?"

"హృదయానికి కాదు. నీకు అవును."

బెంచీ దగ్గర స్పాస్ గుడ్డ తీసి చేప పళ్ళెం పెట్టాడు. రాద్కా తన ముక్కలు దాని పక్కన సర్దింది. రెండు చేపలూ చల్లారిపోయాయి. ఆయన సీసా తెరిచి ముందు ఆమెకు పోశాడు.

"రాద్కమ్మా, ఒక ఇంట్లో ఇద్దరు నికోలాలుంటే వచ్చే ఏడు ఎన్ని బల్లలు వేయాలి?"

"ఒక్కటి చాలు కెప్టెన్‌గారూ. పిల్లలు చల్లగా ఉంటే అదే పది."

"ఒక్కటే. ఒక్క బల్ల, ఒక్క గుమ్మం. ఇక వీళ్ళు ఎటు నుంచి వచ్చినా ఒకరి కాళ్ళ మీద ఒకరు పడి తీరాలి." ఆయన కోల్యో తల మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. దీవెనో, హెచ్చరికో తెలియలేదు. "చేప మా ఇంట్లోనే."

"మీ ఇంట్లో ఎలా కుదురుతుందండీ? చక్కెర చేపా? మా ఇంట్లో."

"అది ఈ పిల్ల చేసిన పని!"

"ఎవరు చేసినా తిన్నది మావాడు!"

పెద్దవాళ్ళ గొంతులు లేచాయి. కోల్యో, నికోలీనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పద," అన్నాడు వాడు మెల్లగా.

"ఏ దారిన?"

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి, ఒకేసారి మూసుకున్నారు.

* * *

ఏప్రిల్‌లో మొదటి ఓడ వచ్చింది. కోట గోడ కింద టూరిస్టులు గొడుగులు తెరుచుకుని నిలబడ్డారు. నికోలీనా వేళ్ళు మడిచి చెబుతోంది. విదా, కులా, గామ్జా. ఇద్దరి పెళ్ళిళ్ళు, తాగుబోతు మొగుళ్ళు, ఊదేసిన ఆస్తి. విదా ఒక్కతే కోట కట్టింది.

వెనక వరసలో కోల్యో తన గుంపుతో నిలబడి వింటున్నాడు. నోరు మెదపలేదు. నేర్చుకుంటున్నాడు, కష్టంగానే.

ఆమె అక్కడ ఆగాలి. ఎప్పుడూ అక్కడే ఆగేది.

"ఒక పడవవాడు కూడా ఉన్నాడంటారు," అంది. "రుజువు లేదు. ఈ ఊళ్ళో ఒక్క మనిషి తప్ప ఎవరూ చెప్పరు. వాడు నది ఒడ్డున ఎదురుచూశాడట, ఆవిడ కోటగుమ్మం దగ్గర ఎదురుచూసిందట. ఇద్దరికీ బుద్ధి లేదు."

"తర్వాత ఏమైంది?" అని అడిగింది ముందు వరసలో ఒకామె.

నికోలీనా గుంపు తలల మీదుగా వెనక్కి చూసింది. సొట్ట పడింది.

"తర్వాత ఆవిడే నది దారిన వచ్చింది," అంది.